ఐదు రోజుల ట్రెక్కింగ్‌కి ఏ బ్యాగు తీసుకోవాలి? 50 లీటర్లా, 70 లీటర్లా?

వంశధార_కుర్రాడు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. నవంబరులో మేం నలుగురం పశ్చిమ బెంగాల్, నేపాల్ సరిహద్దులో ఉన్న సందక్‌ఫూ కొండకి వెళ్తున్నాం. మానేభంజాంగ్ నుంచి నడక, మొత్తం ఐదు రోజులు. ఇంతవరకూ మా నడకంతా మహేంద్రగిరి, దేవమాలి. అవి కూడా పొద్దున్న ఎక్కి సాయంత్రం దిగిపోవడమే కాబట్టి కాలేజీ బ్యాగుతో పని జరిగిపోయింది. ఈసారి సరైన బ్యాగు కొనాలి. బడ్జెట్ 5,000 రూపాయలు, మహా అయితే ఇంకో వెయ్యి.

మాలో ఒకడు 70 లీటర్లది తీసుకోమంటున్నాడు. మా నాన్న కూడా "పెద్దది కొంటే ఎప్పటికైనా పనికొస్తుంది" అంటున్నారు. ఆన్‌లైన్‌లో 70 లీటర్లది 1,800కే కనిపిస్తోంది, 50 లీటర్లది 5,500 ఉంది. చిన్నదానికి ఎక్కువ డబ్బు ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మా ఊళ్ళో ట్రెక్కింగ్ సామాన్ల షాపు లేదు, చూసి కొనడానికి వీల్లేదు. నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 62 కిలోలు. ఏ కంపెనీ మంచిదో చెప్పండి.

కొండబావ (రాయగడ)

తమ్ముడూ, కంపెనీ సంగతి తర్వాత. ముందు లోపల ఏం పెడతావో చెప్పు.

సందక్‌ఫూ దారిలో టుమ్లింగ్, కాలాపోఖ్రి, సందక్‌ఫూ, ఫలూట్ అన్నిచోట్లా లాడ్జీలు గానీ, ట్రెక్కర్స్ హట్‌లు (నడిచేవాళ్ళు బస చేసే గదులు) గానీ ఉంటాయి. పరుపు, దుప్పట్లు, వేడన్నం అక్కడే దొరుకుతాయి. టెంటు మోయక్కర్లేదు, స్టవ్వు మోయక్కర్లేదు. అలాంటప్పుడు 70 లీటర్లు ఏం చేసుకుంటావు? ఇంట్లో ఖాళీ బీరువా ఉంటే ఏమవుతుందో తెలుసుగా, పనికిరానివన్నీ వచ్చి చేరతాయి. నాలుగు జీన్సు ప్యాంట్లు, కిలో జంతికలు, అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా. మూడో రోజు ఎక్కుడులో అవన్నీ నీ భుజాల మీదే ఉంటాయి.

లాడ్జీల్లో పడుకునే నడకకు 40 నుంచి 50 లీటర్లు చాలు. టెంటు, స్లీపింగ్ బ్యాగు, తిండి అన్నీ నువ్వే మోసుకెళ్ళే దారి అయితే 55 నుంచి 65. అంతకు మించినవి చలికాలపు మంచు యాత్రలకు, పెద్ద ఎక్స్‌పెడిషన్లకు.

వంశధార_కుర్రాడు (పర్లాకిమిడి)

దుప్పట్లు ఇస్తారా! నేను 1.6 కిలోల స్లీపింగ్ బ్యాగు కార్ట్‌లో పెట్టేశాను.

కొండబావ (రాయగడ)

తీసెయ్. లాడ్జీ దుప్పటి కింద దూరి పడుకోవడానికి లైనర్ అనే పల్చటి గుడ్డ సంచి ఒకటి పట్టుకెళ్ళు, పావు కిలో కూడా ఉండదు. గైడు ఎలాగూ తప్పనిసరి కాబట్టి, బుక్ చేసేటప్పుడే ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో అడిగి గదులు ఖాయం చేసుకోండి. నవంబరులో రద్దీ ఉంటుంది.

బరంపురం_ఫిజియో

నేను ఫిజియోథెరపిస్టుని. నడకల నుంచి వచ్చి భుజాలు పట్టేశాయని మా దగ్గరికి వచ్చేవాళ్ళను చూస్తుంటాను. అందుకే లీటర్ల లెక్క పక్కన పెట్టి ఒక్కటి అడుగుతాను. మీ వీపు పొడవు ఎంత?

మనిషి ఎత్తు చూసి బ్యాగు కొనకూడదు. ఆరడుగుల మనిషికి కాళ్ళు పొడుగ్గా ఉండి వీపు పొట్టిగా ఉండొచ్చు. కొలిచే పద్ధతి ఇదీ. తల ముందుకు వంచండి. మెడ మొదట్లో ఒక ఎముక బుడిపెలా పొడుచుకొస్తుంది, అది మెడవెన్నులో ఏడోది. కొలత అక్కడ మొదలు. తర్వాత రెండు చేతులూ నడుం మీద, తుంటి ఎముకల పైఅంచు చేతికి తగిలేలా పెట్టి బొటనవేళ్ళు వెనక్కి చాచండి. ఆ రెండు వేళ్ళ మధ్య గీత గీసినట్టు అనుకుంటే, వెన్నెముకను ఆ గీత తాకే చోటు దాకా దర్జీ టేపుతో కొలవాలి. టేపు వెన్ను వంపు వెంటే పోవాలి, గాల్లో నిటారుగా పట్టుకోకూడదు. సొంతంగా కొలుచుకోవడం కుదరదు, ఇంకొకరి చేత కొలిపించుకోండి.

ఇదంతా ఎందుకంటే, బరువులో ఎక్కువ భాగం తుంటి మీద కూర్చోవాలి. భుజం పట్టీల పని బ్యాగు వెనక్కి పడిపోకుండా పట్టుకోవడమే. వీపు కొలత తప్పితే నడుం బెల్టు పొట్ట మీదికో, పిరుదుల మీదికో పోతుంది. అప్పుడు బరువంతా భుజాలదే. ఫ్రేమూ (లోపలి గట్టి చట్రం) నడుం బెల్టూ లేని బ్యాగులో ఎక్కువ బరువు చాలాసేపు మోస్తే భుజం దగ్గరి నరాలు నలిగి చెయ్యి తిమ్మిరెక్కుతుంది, కొందరికి చెయ్యి పైకెత్తడమే కష్టమవుతుంది. రక్‌శాక్ అంటే ఇలాంటి వీపు బ్యాగే, రక్‌శాక్ పాల్సీ అని దానికి వైద్యంలో పేరు కూడా ఉంది. చాలామందికి విశ్రాంతితో తగ్గుతుంది కానీ వారాలు పట్టొచ్చు.

మొత్తం బరువు మీ ఒంటి బరువులో అయిదో వంతు దాటనివ్వకండి. 62 కిలోలకు 12 కిలోలు, బ్యాగు బరువుతో సహా. 3,600 మీటర్ల ఎత్తులో ఊపిరి అందదు కాబట్టి ఇంకా తక్కువైతే ఇంకా మంచిది.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి)

ఇవన్నీ షాపులవాళ్ళ మాటలు సార్. మా దగ్గర తునికాకు కోతకి వెళ్ళేవాళ్ళు తలమీద మోపులు పెట్టుకుని అడవిలో కోసులకు కోసులు నడుస్తారు. వాళ్ళకి ఏ వీపు కొలత ఉంది? మా తాత కావిడితో వడ్లు మోసేవాడు. మంచి గుడ్డ సంచి, రెండు పట్టీలు ఉంటే చాలు. 5,500 పెట్టి సంచి కొనడమేంటి?

బరంపురం_ఫిజియో

మీ తాతగారి కావిడి గురించే చెప్పండి. బరువు రెండు వైపులా సమానంగా వేలాడుతుంది, బద్ద వంగి లేస్తూ అడుగుకు తాళం వేస్తుంది, అలిసినప్పుడు భుజం మార్చుకుంటారు. తలమీద మోపు అయితే బరువు నేరుగా వెన్నెముక మీదుగా దిగుతుంది. ఆ రెండూ బుద్ధిగా కట్టిన పద్ధతులే, చిన్నప్పటి నుంచి అలవాటైన ఒళ్ళు వాళ్ళది. ఏ పద్ధతీ లేనిది రెండు సన్నపు పట్టీల గుడ్డ సంచి. అది వెనక్కి లాగుతుంది, మనిషి ముందుకు వంగుతాడు. రోజంతా అలా నడిస్తే నడుం ఏమవుతుందో మీరే ఊహించండి. తునికాకు కోసేవాళ్ళకు మెడనొప్పి, నడుంనొప్పి రావని కూడా అనుకోకండి. వాళ్ళు ఆస్పత్రికి రారు, అంతే.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి)

చివరి మాట ఒప్పుకుంటాను. ధర మాట మాత్రం ఒప్పుకోను.

సంచుల_మేస్త్రి (గుణుపురం)

ధర గురించి నేను చెప్తాను. బ్యాగులు, టార్పాలిన్లు కుట్టడం, బాగుచేయడం నా పని. ట్రెక్కింగ్ చేసే పిల్లలు చిరిగిన బ్యాగులు తెచ్చి నా ముందు పడేస్తారు. చిరిగేది ఎప్పుడూ ఒకటే చోట, భుజం పట్టీ పైభాగం బ్యాగుతో కలిసే దగ్గర. చవక బ్యాగులో అక్కడ ఒక్క వరస మామూలు కుట్టు ఉంటుంది. బ్యాగు ఎత్తినప్పుడల్లా మొత్తం బరువు ఆ కుట్టు మీదే పడుతుంది. మంచి బ్యాగులో అక్కడ చతురస్రం కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు వేస్తారు, లేదా దారాన్ని ఒకే చోట ముందుకీ వెనక్కీ దట్టంగా పోనిచ్చి గట్టి చేస్తారు. పట్టీని లోపలి అతుకులోకి దూర్చి కుడతారు. కొనేటప్పుడు పట్టీని పట్టుకుని గట్టిగా గుంజండి. కుట్టు మధ్య సూది రంధ్రాలు సాగి వెలుతురు కనబడిందంటే వద్దు.

గుడ్డ గురించి. చీటీ మీద 600డి, 210డి అని ఉంటుంది. డి అంటే డెనియర్, అంటే ఆ పోగు తొమ్మిది వేల మీటర్ల పొడవుకి ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. అంకె పెద్దదైతే పోగు లావు, అంతే. గట్టిదనం పోగు దేనితో చేశారన్నదాని మీద కూడా ఉంటుంది. లావుపాటి పాలిస్టర్ కంటే పల్చటి మంచి నైలాన్ తేలిగ్గా ఉండి బాగా ఆగుతుంది. అడుగుభాగం మాత్రం లావు గుడ్డ ఉండాలి, రాళ్ళ మీద పెట్టేది అదే కదా.

జిప్పు మూల తిరిగే చోట నాలుగైదుసార్లు లాగి చూడండి. పెద్ద జిప్పులు 8 నంబరువో 10 నంబరువో అయితే దిగులు లేదు. రన్నర్ పోతే ఏ ఊళ్ళో అయినా మార్చేస్తారు, పళ్ళు ఊడితే మొత్తం జిప్పు మార్చాలి. నడుం బెల్టు బకిల్ ఒకటి అదనంగా జేబులో పెట్టుకోండి. మంచులో దాని మీద కాలు పడితే పుటుక్కుమంటుంది, అది లేకపోతే మిగతా బ్యాగంతా దండగ.

1,800 బ్యాగులో ఇవేవీ ఉండవని కాదు. ఉండకపోవడమే ఎక్కువ.

జయపురం_అక్క

మేస్త్రి గారి పోస్టు చదివి మా ఇంట్లో ఉన్న మూడు బ్యాగులూ గుంజి చూశాను. ఒకటి పరీక్ష తప్పింది. 😄

ఆడవాళ్ళ కోసం రెండు మాటలు. మాకు వీపు సాధారణంగా పొట్టి, భుజాలు ఇరుకు. మగవాళ్ళ బ్యాగు వేసుకుంటే పట్టీలు భుజం అంచుకు జారిపోతుంటాయి, ఛాతీ బెల్టు ఇబ్బందైన చోటికి వస్తుంది. ఆడవాళ్ళ కోసం చేసిన మోడళ్ళలో పట్టీలు దగ్గరగా, వంపుగా ఉంటాయి, నడుం బెల్టు కోణం కూడా వేరు. అలాంటిది దొరక్కపోతే వీపు పొడవు మార్చుకునే వీలున్న బ్యాగు తీసుకోండి. వెనక వెల్క్రో విప్పి భుజం పట్టీలు పైకీ కిందికీ జరుపుకోవచ్చు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే బ్యాగు వాడుకోవచ్చు కూడా.

ఇంకోటి ఎవరూ చెప్పరు. నడుం బెల్టు కింద చూడీదార్ నాడా ముడి ఉంటే సాయంత్రానికి అక్కడ చర్మం లేచిపోతుంది. మగవాళ్ళకి ప్యాంటు బెల్టు బకిల్ అదే పని చేస్తుంది. ఎలాస్టిక్ నడుం ఉన్న ట్రాక్ ప్యాంటే మేలు.

వంశధార_కుర్రాడు (పర్లాకిమిడి)

మా చెల్లి చేత కొలిపించాను. 18 అంగుళాలు వచ్చింది, అంటే దాదాపు 46 సెంటీమీటర్లు. నేను పొడుగు కదా, ఎల్ సైజు అనుకుంటున్నాను.

బరంపురం_ఫిజియో

చాలా కంపెనీల్లో 46 అంటే మీడియం. ఎల్ తీసుకుంటే మీకు బెల్టు కిందికి జారుతుంది. అయితే ఒక్కో కంపెనీ కొలతలు ఒక్కోలా ఉంటాయి, వాళ్ళ పట్టిక చూసే ఆర్డర్ పెట్టండి. పట్టికలో వీపు పొడవు ఇవ్వకుండా "అందరికీ సరిపోతుంది" అని రాసిన బ్యాగు జోలికి పోకండి.

కొండబావ (రాయగడ)

విశాఖ వెళ్ళే పని ఉంటే ఒక్కసారి పెద్ద స్పోర్ట్స్ షాపులో వేసుకుని చూడు. ఖాళీ బ్యాగు అద్దం ముందు వేసుకుంటే ఏదైనా బాగానే ఉంటుంది. లోపల 8, 10 కిలోలు పెట్టించుకో. షాపులో డంబెల్స్ ఉంటాయి, అడిగితే ఇస్తారు. ఇలా చెయ్యి.

అన్ని పట్టీలూ వదులు చేసి వేసుకో. ముందు నడుం బెల్టు, మెత్త మధ్యభాగం తుంటి ఎముక పైఅంచు మీదికి వచ్చేలా బిగించు. తర్వాత భుజం పట్టీలు, వీపుకి ఆనుకునేంతవరకే. భుజం పైనుంచి బ్యాగు తలభాగానికి వెళ్ళే చిన్న పట్టీలుంటాయి, వాటిని కొంచెం లాగితే బ్యాగు ఒంటికి దగ్గరవుతుంది. పక్కనుంచి చూస్తే అవి ఏటవాలుగా, 45 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉండాలి. చదునుగా ఉన్నాయంటే బ్యాగు నీకు పొట్టి. చివర ఛాతీ బెల్టు, ఊపిరి బాగా పీల్చుకునేంత వదులుగా.

ఇప్పుడు భుజం పట్టీలు వదులు చెయ్యి. బ్యాగు నడుం మీదే నిలబడితే అది నీ బ్యాగు. జారిపోయిందా, పక్కన పెట్టేసెయ్. ఆ తర్వాత ఒక పావుగంట మెట్లు ఎక్కి దిగు. షాపువాడు చూస్తాడని మొహమాటపడకు.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి)

విశాఖ, భువనేశ్వర్ మీకు దగ్గర. మాకు సిరొంచ నుంచి ఏ పెద్ద షాపుకి పోవాలన్నా రోజు పోతుంది. అందరూ పోగలరా?

జయపురం_అక్క

పోలేకపోతే అద్దెకు తీసుకోండి అన్నయ్యా. హిమాలయాల్లో ట్రెక్కులు నడిపేవాళ్ళలో చాలామంది నడక మొదలయ్యే చోట రక్‌శాక్‌లు అద్దెకిస్తారు. సంవత్సరానికి ఒక్కసారి వెళ్ళేవాళ్ళకి కొనడం కంటే అదే లాభం. కాకపోతే ముందురోజే చేరుకుని సైజు చూసుకుని మార్చుకునే టైమ్ పెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో కొంటే చీటీలు తెంపకుండా ఇంట్లోనే బియ్యం ప్యాకెట్లు నింపి గంటసేపు తిరగండి. నచ్చకపోతే గడువులోగా వాపసు.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి)

అద్దె మాట బాగుంది. ఇది ముందే చెప్పొచ్చుగా!

లాంజిపల్లి_రైడర్ (బరంపురం)

వర్షం సంగతి ఎవరూ ఎత్తలేదు. రెయిన్ కవర్ ఉన్న బ్యాగే కొను తమ్ముడూ.

కొండబావ (రాయగడ)

రెయిన్ కవర్ మీద నాకు నమ్మకం లేదు. వీపు వైపు అది మూయదు కదా, మెడ మీద పడ్డ నీళ్ళు పట్టీల వెంట కారి లోపలికి దిగుతాయి. గాలి వీస్తే గొడుగులా ఉబ్బి ఎగిరిపోతుంది. నా పద్ధతి వేరు. బ్యాగు లోపల మందపాటి పెద్ద పాలిథిన్ సంచి పరిచి, బట్టలన్నీ అందులో పెట్టి మూతి మెలితిప్పి మడతపెడతాను. బ్యాగు తడిసినా బట్టలు తడవవు.

లాంజిపల్లి_రైడర్ (బరంపురం)

యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచి కడిగి వాడొచ్చా? ఇంట్లో బోలెడు ఉన్నాయి.

సంచుల_మేస్త్రి (గుణుపురం)

వద్దు బాబూ. ఎంత కడిగినా అతుకుల్లో మందు ఉంటుంది, చెమట తగిలితే చర్మం మండుతుంది. కిరాణా షాపుల్లో పప్పులకి వచ్చే పెద్ద కవర్లు అడగండి, లేదా నల్ల చెత్త సంచుల్లో మందపువి రెండు ఒకదాంట్లో ఒకటి.

కవర్ ఉంటే మాత్రం పారేయకండి. బ్యాగు గుడ్డ నీళ్ళు తాగితే బరువు పెరుగుతుంది, ఆ పని కవర్ ఆపుతుంది. రెండూ ఉంటే మంచిదే.

ఇంటికొచ్చాక సంగతి కూడా వినండి. మన తీరంలో తేమ ఎక్కువ. బ్యాగు లోపలివైపు నీళ్ళు పట్టకుండా పాలీయూరిథేన్ పూత ఉంటుంది. తడి బ్యాగు మడిచి అటక మీద పడేస్తే ఆ పూత జిగురుగా మారి, పొట్టులా రాలిపోతుంది. వాసన కూడా వేస్తుంది. అది తిరిగి బాగుపడేది కాదు. వాషింగ్ మెషిన్‌లో వేయకుండా చల్లటి నీళ్ళతో, కొంచెం మెత్తటి సబ్బుతో తుడిచి, నీడలో ఆరేసి, జిప్పులు తెరిచి గాలి తగిలే చోట వేలాడదీయండి.

వంశధార_కుర్రాడు (పర్లాకిమిడి)

విశాఖ వెళ్ళొచ్చాను! బస్సులో అలిసిపోయినా పని అయింది. 70 లీటర్లది వేసుకుంటే తల వెనక్కి తిప్పడానికే వీల్లేదు, టోపీ బ్యాగుకు తగులుతోంది. వీపు సర్దుకునే 50 లీటర్లది తీసుకున్నాను, 1.8 కిలోలు. కొండబావ చెప్పినట్టు భుజం పట్టీలు వదిలితే నడుం మీదే నిలబడింది. షాపులో పిల్లాడు డంబెల్స్ తెచ్చిచ్చి, మెట్లెక్కుతుంటే పక్కనే వచ్చాడు, పారిపోతాననుకున్నాడేమో.

సామాను జాబితా కూడా తూచాను. బ్యాగు 1.8, లైనర్, డౌన్ జాకెట్, ఫ్లీస్, రెయిన్ జాకెట్ కలిపి 1.35, మార్చుకునే బట్టలు 1.2, నీళ్ళు 2, చిరుతిళ్ళు 1, మిగతా చిన్నవన్నీ కలిపి 1.7. మొత్తం 9 కిలోల చిల్లర. అమ్మ పచ్చడి సీసా ఇందులో లేదు, దాని మీద ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది.

ఎలా సర్దాలి?

కొండబావ (రాయగడ)

పగలు అవసరం రానివి అడుగున, అంటే లైనర్, రాత్రి బట్టలు. బరువైనవి మధ్యలో, వీపుకి ఆనించి. నీళ్ళు, చిరుతిళ్ళు, పవర్ బ్యాంకు అక్కడే. బయటివైపు తేలికైనవి. బరువు వీపుకి దూరమైతే వెనక్కి లాగుతుంది. రెయిన్ జాకెట్, టోపీ, గ్లవ్స్ పైమూతలో, ఎందుకంటే అవి కావాలంటే ఒక్క నిమిషంలో కావాలి. బయట కప్పులు, చెప్పులు వేలాడదీయకు. గంటల మేకలా మోగుతూ నడవడం తప్ప లాభం లేదు, కొమ్మలకి తగులుకుంటాయి కూడా.

సాధన మహేంద్రగిరి మీద చెయ్యి. 1,501 మీటర్లు, ఎక్కుడు బాగానే ఉంటుంది. బరువు కోసం నీళ్ళ సీసాలు పెట్టుకో. పైకెక్కాక భీముడి గుడి దగ్గర ఆ నీళ్ళు పారబోసి తేలిగ్గా దిగు, దిగేటప్పుడు మోకాళ్ళు బతుకుతాయి.

బరంపురం_ఫిజియో

ఇది మంచి సలహా. మొదటిసారి 5 కిలోలతో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచండి. ఒకేసారి 9 కిలోలు వద్దు. బూట్లు, సాక్సులు కూడా వేసుకెళ్ళబోయేవే వాడండి. అలిసినప్పుడు నడుం బెల్టు కాస్త వదులుచేసి బరువు కొద్దిసేపు భుజాలకు మార్చి, మళ్ళీ బిగించండి.

వంశధార_కుర్రాడు (పర్లాకిమిడి)

చివరి డౌటు. వెళ్ళేది రైల్లో. వచ్చేటప్పుడు బాగ్‌డోగ్రా నుంచి విమానం. బ్యాగు లోపలికి తీసుకెళ్ళనిస్తారా?

జయపురం_అక్క

50 లీటర్లది నింపితే క్యాబిన్‌లోకి రానివ్వరు తమ్ముడూ. చెక్-ఇన్ చేసెయ్. దేశీయ విమానాల్లో క్యాబిన్‌కి ఎక్కువగా 7 కిలోలే. పవర్ బ్యాంకు మాత్రం తీసి చేతి బ్యాగులో పెట్టుకో, చెక్-ఇన్ సామాన్లలో అది నిషేధం. వాకింగ్ స్టిక్కులు, చాకు దానికి తిరగేసి, అవి చెక్-ఇన్‌లోనే పోవాలి.

వేలాడే పట్టీలు విమానాశ్రయంలో సామాను కదిలే బెల్టులో ఇరుక్కుని తెగుతాయి. నడుం బెల్టు వెనక్కి తిప్పి బ్యాగు చుట్టూ పెట్టి బకిల్ వెయ్యి, భుజం పట్టీలు బాగా బిగించు, పైనుంచి ఒక పెద్ద బస్తా తొడిగి మూతి కుట్టించెయ్. పచ్చడి సీసా తీసుకెళ్తే మాత్రం అక్కడే ఖాళీ చేసి రా, గాజు సీసా బట్టల మధ్య పగిలిందంటే మేస్త్రి గారు కూడా ఏం చేయలేరు.

సంచుల_మేస్త్రి (గుణుపురం)

నూనె మరక పోదు. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించుకో, రెండు కవర్లు చుట్టి.